ముందు చురుకు, వెనక మంట

అమలాపురంలో డాక్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి నరాల ఆసుపత్రిలో మేడమీద గదికి వెళ్ళమన్నారంటే ఎంతటివాడైనా ఓసారి గుటక మింగేవాడు. ఆ గదిలో శ్యామ్ బాబు ఉంటాడు. కాళ్ళకీ చేతులకీ బిళ్ళలు అతికించి, చిన్న చిన్న షాకులిచ్చి, నరంలో కబురు ఎంత వేగంగా పరిగెడుతోందో కొలిచి కాయితం తీసి ఇస్తాడు. పన్నెండేళ్ళుగా అదే పని. ఊళ్ళో అందరూ కరెంటు శ్యామ్ బాబు అంటారు. కరెంటు ఆఫీసు మనిషనుకుని, మీటరు కాలిపోయిందండీ అంటూ ఇంటికొచ్చి తలుపు కొట్టినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని కూచోబెట్టి, ఎప్పుడు కాలింది, ఎలాంటి వాసనొచ్చింది, పొగ ఏ రంగులో ఉందీ అని అన్నీ అడిగి తెలుసుకునిగానీ పంపేవాడు కాదు. అడగటం అతనికో జబ్బు. ఎందుకూ అన్నది తెలిసేదాకా అన్నం సయించదు మహానుభావుడికి.

అంత అడిగే మనిషి, తోడబుట్టినదాన్ని మాత్రం ఒక్క ప్రశ్న అడక్కుండా పంపించేసేడు. చోద్యం కాకపోతే ఏంటి చెప్పండి.

అక్క సువార్తమ్మ కాపురం తాటిపాకలో. రాజోలు దగ్గర ఓ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. రెండేళ్ళ కిందట ఆవిడకి అరికాళ్ళు మంటలు మొదలయ్యేయి. పొద్దున్న పొయ్యి దగ్గర నుంచుంటే మధ్యాహ్నానికి నిప్పులమీద నుంచున్నట్టే ఉంటోందనేది. వంట దించగానే రెండు కాళ్ళూ బకెట్ నీళ్ళలో పెట్టుకు కూచునేది. నుంచునే పని తప్పించి, కూచుని కూరలు తరిగే పని ఇప్పించమని వార్డెన్ని అడిగితే, డాక్టరు కాయితం తెమ్మంది ఆవిడ. తమ్ముడున్నాడు కదా అన్న ధీమాతో అమలాపురం బస్సెక్కింది సువార్తమ్మ. శ్యామ్ బాబు బిళ్ళలు పెట్టేడు, షాకులిచ్చేడు, అంకెలు చూసేడు. ఒక్కటీ తప్పు లేదు. ఇరవయ్యేళ్ళ పిల్ల నరాల్లా ఉన్నాయి. డాక్టరుగారు అంకెలు చూసి నార్మల్ అని రాసేరు.

కాయితం అక్క చేతిలో పెడుతూ శ్యామ్ బాబు నవ్వేడు. "నీకేం లేదక్కా. అంతా నీ మనసులోనే ఉంది," అన్నాడు.

ఆవిడ కాయితం మడిచి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర బావగారు యాకోబు ఆ కాయితం చూసి, నే చెప్పలేదా, పని తప్పించుకోటానికి వంకలని, అన్నాడు. వార్డెన్ చూసి మళ్ళీ పొయ్యి దగ్గరకే పొమ్మంది. సువార్తమ్మ ఎవరితోనూ దెబ్బలాడలేదు. కాళ్ళ మాట ఎత్తడం మానేసింది, తమ్ముడితో మాటలు మానేసింది. ఎనిమిది నెలలైంది. ఎప్పుడన్నా ఫోను చేస్తే శ్యామ్ బాబు భార్య మెర్సీతోనే మాట్లాడుతుంది. వాడికివ్వకు, అనేస్తుంది. చిన్నప్పుడు వీడి పిచ్చి ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పిన మనిషి లోకంలో ఆవిడొక్కతే. ఆవిడ అలా మొహం తిప్పేసుకుంటే శ్యామ్ బాబుకి ఏడుపొచ్చేది. అయినా మెషీన్ తప్పు చెప్పదు కదా, అని మొండిగా ఉండిపోయేడు.

అలా ఉండగా హైదరాబాదు నుంచి మాధవీలత అనే పరిశోధకురాలు ఒక పెట్టె పట్టుకుని ఆసుపత్రికొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మనిషికి నొప్పి ఎంతసేపట్లో తెలుస్తుంది, ఊరూరికీ పనిపనికీ అందులో తేడా ఉందా అన్నది ఆవిడ చదువు. పెట్టెకి ఒక తీగ, తీగ చివర గోరంత పలక. దాన్ని చేతిమీదో పాదంమీదో ఆనిస్తే క్షణంలో వేడెక్కి, చర్మం కమిలేలోగా చల్లారిపోతుంది. వచ్చినవాళ్ళ చేతికి ఒక మీట ఇస్తారు. నొప్పి తెలిసిన వెంటనే మీట నొక్కండి, అని అచ్చువేసిన కాయితం చదివి వినిపించాలి. పెట్టె ఎంతసేపట్లో నొక్కేరో రాసుకుంటుంది. వారంరోజులుండి శ్యామ్ బాబుకి అన్నీ నేర్పి, అరవైమందిని చూసి అంకెలు పంపమని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

ఇంక శ్యామ్ బాబుకి పండగే. ఐనవిల్లి నుంచి కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళని, అప్పనపల్లి గుడి దగ్గర పూలు కట్టేవాళ్ళని, బళ్ళో పంతుళ్ళని, మిషను కుట్టేవాళ్ళని, ఎదురుపడ్డవాణ్ణి ఎదురుపడ్డట్టు మేడెక్కించేడు. వచ్చినవాళ్ళు కూడా, ఆయ్, అలాగేనండి అంటూ బుద్ధిగా కూచుని నొక్కి వెళ్ళేరు. నెల తిరక్కుండా అరవైమంది పూర్తయ్యేరు.

అంకెలు పంపిన మూడోరోజు మాధవీలత ఫోను చేసింది. గొంతులో మొహమాటం. సగంమంది అరసెకనులోపు నొక్కేరట, బానే ఉందట. మిగతా సగం సెకను దాటేక తీరుబడిగా నొక్కేరట. అంత ఆలస్యంగా నొక్కేవాళ్ళు వేరే ఊళ్ళలో నూటికి ఇద్దరో ముగ్గురో ఉంటే, అమలాపురంలోనే ఇంతమందెందుకున్నారని పైవాళ్ళు అడిగేరట. వాళ్ళంతా పరధ్యానంగా కూచున్నారనీ, శ్యామ్ బాబు సరిగ్గా చెప్పలేదనీ తేల్చి, ఆ సగం అంకెలూ కొట్టేసి, నెలాఖరుకి పెట్టె వెనక్కి పంపించెయ్యమన్నారట.

శ్యామ్ బాబుకి ఒళ్ళు మండిపోయింది. తన గదిలో పరధ్యానమా? ఆ గదిలోకొచ్చినవాళ్ళు భయంతో రెప్ప కూడా వెయ్యరు. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా, పెద్ద కాయితం మీద గీతగీసి, ఎవరెప్పుడు నొక్కేరో ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోయేడు. పెట్టేక కాస్త దూరం జరిగి చూసేడు. ఆలస్యం చుక్కలు చెదిరి లేవు. గుంపుకట్టి ఉన్నాయి. పరధ్యానంగా ఉన్నవాడు ఒకసారి సెకనుకి, ఒకసారి మూడు సెకన్లకి నొక్కాలి కదా, ఇలా అందరూ కూడబలుక్కున్నట్టు ఒక్కచోటే ఎందుకు నొక్కుతారు? పైగా ఇంకో వింత. పలక చేతిమీద పెడితే ఆ గుంపు సెకను దగ్గరుంది. పాదంమీద పెడితే సెకనున్నర దగ్గరుంది. పరధ్యానానికి చెయ్యేదో కాలేదో ఎలా తెలుస్తుంది?

ఇంక ఆ మనిషి ఆగుతాడా. ఆలస్యంగా నొక్కినవాళ్ళ పేర్లు చూసుకుని, మొదటి పేరు కొండయ్యదైతే, బండేసుకుని ఐనవిల్లి వెళ్ళిపోయేడు.

కొండయ్య కాయలు ఒలుస్తున్నాడు. నేలలో పాతిన గునపం మొనకి కాయ గుచ్చటం, ఒక్క తిప్పు తిప్పటం, పీచు ఊడిపోవటం, రోజుకి వెయ్యి కాయలు అలా. శ్యామ్ బాబుని చూసి చెయ్యి తుడుచుకుని, బొండం కొట్టించి, కూచోండి బాబూ అన్నాడు. ఆ రోజు మీరు వేడి తగిలిన వెంటనే ఎందుకు నొక్కలేదండీ అని అడిగితే, కొండయ్య తెల్లబోయేడు. నొక్కేనండి, నొప్పి రాగానే నొక్కేను, అన్నాడు. ముందే తెలియలేదా అంటే, తెలిసిందండి, చురుక్కుమంది, అన్నాడు. మరి అప్పుడు నొక్కాలి కదా అంటే కొండయ్యకి శ్యామ్ బాబుని చూసి జాలేసింది.

"చురుక్కుమంటే నొప్పెలాగవుద్దండి? అది కబురు. గునపం తగిలిందోయ్, చెయ్యి తీసెయ్యి అని కబురు. నొప్పి దాని వెనకాల నడిచొస్తాది. మీరు నొప్పి రాగానే నొక్కమన్నారు. చురుక్కే నొక్కేస్తే మీ మాట తప్పినట్టు కాదాండి?"

పక్కన పీచు ఏరుతున్న వీరాయమ్మ కూడా తలూపింది. ఆవిడా ఆలస్యం గుంపులో మనిషే. చురుకొచ్చేక ఓ రవ్వ ఆగితే అప్పుడొస్తాదండి మంట, కాలికైతే ఇంకాస్త ఆలస్యం, ఇది అందరికీ తెలిసిందేగా, అంది. అందరికీ తెలిసిందట! పన్నెండేళ్ళు నరాలమీద బతుకుతున్న శ్యామ్ బాబుకి తప్ప.

ఇంటికొచ్చి టీ అడిగేడు. మెర్సీ స్టీలు గ్లాసులో పొగలుగక్కే టీ ఇస్తే తాగకుండా, కళ్ళు మూసుకుని వేలితో అంచుని ఠక్కున తాకి తీసేడు. చురుకు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత మెల్లిగా, వెచ్చగా, మంట. రెండూ వేరువేరుగా, మధ్యలో ఖాళీతో సహా! నలభై ఆరేళ్ళొచ్చేయి, ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకున్నాడో, ఆ ఖాళీని ఏనాడూ చూడలేదు. గ్లాసు కింద పెట్టి కాలి బొటనవేలు ఆనించేడు. చురుకు. ఖాళీ. ఇంకా ఖాళీ. అప్పుడొచ్చింది మంట, ఆలస్యంగా. మళ్ళీ వేలు, మళ్ళీ బొటనవేలు. మెర్సీ గుమ్మంలో నుంచుని చూసి, ఊరందరికీ కరెంటు పెట్టి పెట్టి చివరికి ఇదన్నమాట, అని లోపలికి పోయింది.

శ్యామ్ బాబు ఆగలేక అప్పుడే మాధవీలతకి ఫోను చేసి అంతా చెప్పేడు. ఆవిడ కొండయ్య అన్న మాటలు రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత నవ్వింది. తప్పు మా కాయితానిదేనండి, అంది. చురుకూ మంటా వేరువేరు నరాల్లో ప్రయాణం చేస్తాయని పుస్తకాల్లో ఉన్నదే, నేనూ చదివినదే, కానీ నొప్పి అని ఒక్కమాట రాసేసి అందరూ ఒకటే అనుకుంటారనుకున్నాను, వేరే ఊళ్ళలో ఇప్పటిదాకా చూసింది ఎక్కువగా కాలేజీ పిల్లల్నే, వాళ్ళు చురుక్కే నొక్కేసేరు, అంది. చురుకు తెచ్చేవి తొడుగున్న సన్న నరాలు, బస్సంత వేగంగా పోతాయట. మంట తెచ్చేవి తొడుగు కూడా లేని దారప్పోగులు, మనిషి నడకంత వేగం. కాలి నుంచి వెన్నుపూసకి మీటరు దూరం, సెకనుకి మీటరు నడక. కొండయ్య నడిచొస్తాది అన్నది అక్షరాలా నిజమండీ, అంది. ఆ అంకెలు కొట్టెయ్యం, నేనే వస్తాను, కాయితం మార్చి మళ్ళీ చేద్దాం, అంది.

శ్యామ్ బాబు సంబరపడిపోయేడు. ఆ సంబరంలో, ఊరికే, అలవాటుకొద్దీ ఇంకో ప్రశ్న అడిగేడు. "అయితే నా షాకుల మెషీను ఈ రెండిట్లో దేన్ని చూస్తోందండీ?"

"రెండిట్నీ చూడదండి. స్పర్శని తెచ్చే లావు నరాలు వేరే ఉన్నాయి, అది వాటినే చూస్తుంది. ఈ సన్నవి మొత్తం పాడైపోయినా మీ మెషీను అంతా బాగుందనే చెప్తుంది."

ఫోను పెట్టేసేక శ్యామ్ బాబుకి అక్క గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్ళ పిల్ల నరాల్లా ఉన్నాయని తను మురిసిపోయిన అంకెలు అక్క అడిగిన ప్రశ్నకి జవాబే కాదు. ఆవిడ మంట అని చెప్తే తను మంటని చూడలేని మెషీన్తో చూసి, లేదని చెప్పేడు. పైగా నవ్వేడు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయేయి. డాక్టరుగారితో చెప్తే ఆయన కళ్ళజోడు తీసి, అవునయ్యా, అలా రాయకుండా ఉండాల్సింది, తీసుకురా ఆవిణ్ణి, అన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యేక తాటిపాక వెళ్ళేడు. యాకోబు అరుగుమీద పేపరు చదువుకుంటున్నాడు. సువార్తమ్మ తమ్ముణ్ణి చూసి లోపలికి పోబోయింది. శ్యామ్ బాబు గుమ్మంలోనే నుంచుని చెప్పేసేడు, తన మెషీను చూసేది వేరే నరాల్ననీ, మంట నరాలు దానికి కనపడవనీ, ఇప్పుడు వాటిని చూసే పెట్టె వచ్చిందనీ, ఒక్కసారి రమ్మనీ. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

"అంటే, ఆ పెట్టె చెప్తే నమ్ముతావు. నేను చెప్తే నమ్మవు. అంతేగా శ్యామూ?"

ఆ మాట నిజం. శ్యామ్ బాబు తలొంచుకుని, లేదక్కా, పెట్టె ఏం చెప్పినా నేను నమ్ముతున్నాను, అది ఏమీ లేదన్నా నమ్ముతాను, తప్పు నాది, అన్నాడు. మరెందుకు రావటం అని అడిగింది ఆవిడ. నేను నమ్మితే చాలదు కదక్కా, అన్నాడు. సువార్తమ్మ అరుగు వైపు ఓసారి చూసింది. యాకోబు పేపరు తిప్పేడు. బుధవారం వస్తాను, అంది.

బుధవారం ఇద్దరూ వచ్చేరు. యాకోబు లోపలికి రానన్నాడు. ఇదంతా టైము దండగ అన్నట్టు గది బయట బెంచీమీద కాలుమీద కాలేసుకు కూచున్నాడు. లోపల మాధవీలత కొత్త కాయితం చదివి వినిపించింది. చురుక్కుమంటే ఒకసారి నొక్కండి, మంటొస్తే ఇంకోసారి నొక్కండి. ఏదీ తెలియకపోతే నొక్కక్కర్లేదు. సువార్తమ్మ అంతా విని, నా అరికాళ్ళ మంట నాకెప్పుడూ ఉండేదే కదమ్మా, దానికి నొక్కను, కొత్తగా ఏదన్నా వస్తేనే నొక్కుతాను, అంది. పరీక్షకి కూచున్నవాళ్ళలో ఇంత తెలివైన మాట ఎవరూ అనలేదని మాధవీలత అంటే, ఈ తెలివి పొయ్యి దగ్గరా ఉన్నదేనమ్మా, అక్కడ అడిగినవాళ్ళు లేరు, అంది ఆవిడ.

ముందు చెయ్యి. పలక ఆనింది, వేడెక్కింది. టక్, కాస్సేపటికి మళ్ళీ టక్. మళ్ళీ అలాగే. చురుకుకి చురుకు, మంటకి మంట, గడియారంలా నొక్కింది. శ్యామ్ బాబు ఊపిరి పీల్చుకున్నాడు. పెట్టె సరిగ్గానే పనిచేస్తోంది.

తర్వాత పాదం. అక్క కాలు ఎత్తి ముక్కాలిపీట మీద పెట్టుకుని, పలకని పాదంమీద ఆనించి, తగులుతోందా అక్కా అని అడిగేడు. తగులుతోంది, చల్లగా లేదు వేడిగా లేదు, ఊరికే తగులుతోంది, అంది. సరే అని మొదలుపెట్టేడు.

ఒకటి. తెర మీద వేడి గీత నిటారుగా లేచి పడింది. మీట కదలలేదు. కొత్త కదా, చూసుకోలేదేమో అనుకున్నాడు. రెండు. మూడు. పలక కాస్త జరిపి నాలుగు. సువార్తమ్మ మీటమీద బొటనవేలు బిగించి, పరీక్షలో మార్కులు పోకూడదన్నంత శ్రద్ధగా తన పాదాన్నే చూస్తోంది. ఐదు. ఆరు. శ్యామ్ బాబు అనుమానమొచ్చి పలక తన చేతికి ఆనించుకున్నాడు. చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ పాదంమీద పెట్టేడు. ఏడు. ఎనిమిది. రెండో పాదం. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండోసారి గీత లేచి పడేసరికి అతని కళ్ళకి ఆ గీత కనపడ్డం మానేసింది.

సువార్తమ్మ తలెత్తింది. "ఏంట్రా శ్యామూ, ఇంకా మొదలెట్టవేం? మీ బావ కూచున్నాడు బయట."

మాధవీలత మెల్లిగా కుర్చీ వెనక్కి జరుపుకుంది. శ్యామ్ బాబు పలక తీసి పక్కన పెట్టేడు. అక్క పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"అయిపోయిందక్కా. పన్నెండుసార్లు పెట్టేను."

ఆవిడకి అర్థంకాలేదు. పాదం చూసుకుంది. చిన్న చిన్న ఎర్రటి మచ్చలు, మెల్లిగా చల్లారుతూ. నాకేం తెలీలేదే, అంది. ఆ మచ్చల్ని వేలితో రాసుకుంటూ మళ్ళీ అదేమాట అంది. అప్పుడు శ్యామ్ బాబు చెప్పేడు. నీ కాళ్ళలో వేడి కబురు తెచ్చే సన్న నరాలు పాడైపోయేయక్కా, నిజంగా వేడి తగిలితే చెప్పవు, ఏమీ తగలకుండానే కాలిపోతోందని మెదడుకి అరిచి చెప్తున్నాయి, నీ మంట అదే. ఎందుకిలా అయిందో ఇంకా చూడాలి, రక్తపరీక్షలు చేయిస్తారు డాక్టరుగారు, మంట తగ్గటానికి మందులున్నాయి, పూర్తిగా పోతుందని చెప్పలేను. ఇంక పొయ్యి దగ్గర ఆ వేడి నేలమీద చెప్పుల్లేకుండా నుంచోకూడదు. ఈ పరీక్ష సంగతి కాయితం మీద రాసి డాక్టరుగారు సంతకం పెడతారు.

సువార్తమ్మ అతని మొహంలోకి చూస్తూ, "అయితే ఉందన్నమాట," అంది.

"ఉందక్కా. జబ్బే."

ఆవిడ మొహం విప్పారింది. నీకు జబ్బుందని చెప్తే అలా వెలిగిపోయిన మనిషిని శ్యామ్ బాబు తన పన్నెండేళ్ళ సర్వీసులో చూడలేదు. నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. ఎనిమిది నెలలుగా నాకు పిచ్చేమోనని నేనే అనుకున్నానంది. కొన్నిసార్లు పొయ్యి దగ్గర నుంచుని, ఇది నిజం కాదు, నేనే కల్పించుకుంటున్నాను అని కాళ్ళకి చెప్పుకునేదాన్నంది. క్షమించక్కా, అన్నాడు శ్యామ్ బాబు.

ఆవిడ ఆ మాట విననట్టే, కొంగు సర్దుకుని, తలుపు వైపు చూసింది.

"ఒరే శ్యామూ, ఇందాక చెప్పింది మళ్ళీ చెప్పు. మెల్లిగా కాదు, పెద్దగా చెప్పు. బెంచీమీద మీ బావకి వినపడాలి."

శ్యామ్ బాబు లేచి, తలుపు బార్లా తీసి, బయటకి వినపడేలా మొదటినుంచీ చెప్పటం మొదలుపెట్టేడు.